బూజు చచ్చినా పోని విషం

2021లో చిత్తూరు దగ్గర ఒక చిన్న పశువుల దాణా మిల్లులో నేను క్వాలిటీ కెమిస్టుగా ఉన్నాను. వచ్చిన ప్రతి సరుకునూ పరీక్షించి, దాణాకు పనికొస్తుందో లేదో చెప్పడం నా పని. ఆ ఏడు మా వైపు వానలు తెరిపి ఇవ్వలేదు. గోడౌనులోకి నీళ్లొచ్చి అడుగు వరుసల మొక్కజొన్న బస్తాలు నానిపోయాయి. ఎండబెట్టే దారి లేక అలాగే ఉండిపోయాయి. విప్పి చూస్తే గింజల నిండా ఆకుపచ్చ బూజు.

మా యజమాని మునిరత్నం గారు చెడ్డమనిషి కాదు. కానీ బయట మంచి గింజ దొరకడం లేదు. నన్ను పిలిపించి, "ప్రొపియోనిక్ యాసిడ్ ఉండాది కదమ్మా, రెట్టింపు కొట్టించు. బూజు సచ్చిపోతాది," అన్నారు.

అది దాణాకు బూజు పట్టకుండా కలిపే మందు. చాలామంది రైతులు దాన్నే విషమనుకుంటారు. మోతాదులో వేస్తే కాదు. ఆవు కడుపులో మేత పులిసినప్పుడు తయారయ్యే ఆమ్లాల్లో అదీ ఒకటి. వానాకాలంలో అది లేకుండా దాణా నిలవ పెట్టమంటే నేను ఒప్పుకోను. కానీ అది చేసేదల్లా బూజును పెరగనివ్వకపోవడం. బూజు అప్పటికే వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని అది ఏమీ చేయలేదు. ఆ విషం ఆవు కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకీ దిగుతుంది. నా పరీక్షలో అది హద్దు దాటి ఎక్కడికో పోయింది.

"బూజు సస్తాది సార్. విషం సావదు," అన్నాను.

"పై వరసల్లో ఉండే మంచి గింజలో కొంచెం కొంచెం కలిపితే ఎవురికి తెలస్తాది?"

"పాలు తాగే బిడ్డలకు తెలీదు సార్. దానికే నేను ఒప్పుకోను."

ఆయన లేచి వెళ్లిపోయారు. నేను భోజనం చేసి వచ్చేసరికి హమాలీలు ఆ బస్తాలనే మోసుకొస్తున్నారు! గింజలు పోసే గుంతను ఇన్‌టేక్ పిట్ అంటాం. దాని మీద ఇనుప జాలీ ఉంటుంది. అందులో పడిన గింజ నేరుగా మరలోకి పోతుంది. నేను వెళ్లి ఆ జాలీ మీద నిలబడ్డాను.

"దిగు శైలజా," అన్నారు మునిరత్నం గారు.

"దిగను సార్."

"రేపట్నుంచి పనికి రావద్దు నువ్వు."

"రేపు రాను. ఈ పొద్దు మాత్రం దిగను."

బస్తాల కుట్లు విప్పే గంగులమ్మ నా దగ్గరికొచ్చింది. ఐరాల నుంచి రోజూ వచ్చే మనిషి, ఇంట్లో పాడి ఉంది. "ఏమైంది పాపా? ఏముండాది ఈ గింజల్లో?" అని అడిగింది. చెప్పాను. ఆమె యజమాని వైపు తిరిగింది.

"సామీ, నేను ఇంటికి తీసకపోయే దాణా కూడా దీంతోనే ఆడిస్తారా?"

ఆయన నేల చూశారు.

"నా ఆవుకు పెట్టంది నేను యిప్పను," అని గంగులమ్మ చేతిలో కత్తి పక్కన పడేసింది. హమాలీలు ఒకరి తర్వాత ఒకరు బస్తాలు దించేశారు.

"సరే, కోళ్ల దాణా వాళ్లకు తోలేస్తా," అన్నారాయన, గొంతు తగ్గించి.

"కోళ్లకైనా విషమే సార్. బాయిలర్ పొయ్యిలో ఏయించి కాల్చేయండి."

ఆయన గోడౌను వైపు ఒకసారి చూశారు. తర్వాత బాయిలర్ మనిషిని కేకేశారు. ఆ సాయంత్రం మిల్లంతా మాడిన మొక్కజొన్న వాసన. నేను జాలీ దిగి ముఖం కడుక్కుని, కాసేపు ఏడ్చాను.

ఆయన నన్ను పనిలోంచి తీసేయలేదు. చాలా రోజులు నాతో మాట్లాడనూ లేదు. మరుసటి వానలకు ముందు గోడౌను నేల ఎత్తు పెంచి, గింజలు ఆరబెట్టే డ్రయ్యర్ తెప్పించారు. నేను చెప్పింది నిజమని మాత్రం ఈ రోజుకీ అనలేదు. అనకపోతే పోనీ.

మందంటే భయపడే రైతులకూ, మందే అన్నీ చూసుకుంటుందనుకునే మిల్లువాళ్లకూ అప్పట్నుంచి నేను ఒకటే చెబుతున్నాను. ఆ మందు మంచి గింజను కాపాడుకోవడానికి, చెడిన గింజను అమ్ముకోవడానికి కాదు. ఈ మాట గిట్టక ఎవరైనా నన్ను తీసేస్తే తీసేయనీ, ఇంకో మిల్లుకు పోయి అక్కడా ఇదే చెబుతాను.