అట్టపెట్టెల మధ్య పది రోజులు

మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్‌గా రిటైరయ్యాక టౌన్‌షిప్‌లోని క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. అందులో ఇరవై ఆరేళ్లు ఉన్నాం. వెనక పెరడు, జామచెట్టు, ఏది తోస్తే అది పడేసుకోవడానికి ఒక చిన్న గది ఉండేవి. కూర్మన్నపాలెంలో కొనుక్కున్న ఫ్లాట్‌లో రెండు పడగ్గదులు, ఒక హాలు, ఒక్క మనిషికే చాలే వంటిల్లు, ఒకే బాత్రూమ్. ఉండాల్సింది నలుగురం: మేమిద్దరం, ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి, మా అత్తగారు.

నా బెంగంతా అత్తగారి గురించే. ఆమెది సముద్రం మీద చేపలు పట్టే కుటుంబం. మామగారు పోయాక మా దగ్గరికి వస్తూ ఆయన వల, చేపలు ఎండబెట్టే తట్టలు, పెళ్లి వంటలకి సరిపోయే గిన్నెలు అన్నీ వెంట తెచ్చుకుంది. అవి వదిలేయమని ఆమెకి ఎవరు చెప్పాలన్నది మా ఇద్దరి మధ్య నెలరోజుల వాదన.

"మీ అమ్మకి మీరే చెప్పండి" అంటే, "నువ్వు టీచరువి కదా, నీకైతే సెప్పడం అలవాటు" అని తప్పించుకునేవారు.

ఒక శనివారం నేను స్కూలుకి బయల్దేరుతుంటే వరండా నిండా వల పరిచి ఉంది. అత్తగారు దాని చిరుగులు వెతుకుతోంది. ఇప్పటికీ వేటకి వెళ్లే ఆమె మేనల్లుడు ఎదురుగా కూర్చున్నాడు.

"ఇక్కడ రెండు కన్నాలున్నాయిరా, కుట్టుకో. నీళ్లలో ఉండాల్సిందాన్ని గదిలో పెట్టుకుని నానేటి సేత్తాను" అంది.

"మావయ్య గుర్తని దాసినావు కదత్తా."

"వల లేకపోతే మీ మావని మర్సిపోతానేటిరా."

మధ్యాహ్నం నేను తిరిగొచ్చేసరికి తట్టలు, గిన్నెలు కూడా అతను తెచ్చిన ఆటోలో వెళ్లిపోయాయి. అత్తగారు తనకోసం ఒక కత్తిపీట, చేపల పులుసు వండుకునే ఒక చిన్న దాక ఉంచుకుంది. నెలరోజులు మేము నోరు విప్పలేకపోయిన విషయాన్ని ఆవిడ ఒక్క పూటలో తేల్చేసింది.

మిగిలిన సామాను అట్టపెట్టెల్లో ఫ్లాట్‌కి చేరింది. హాల్లో గోడ వెంబడి మనిషెత్తున పేర్చాం. పది రోజులు వాటి మధ్య పక్కవాటుగా నడిచాం. మా ఆయన ఒక పెట్టె మీద కూర్చుని, ఇంకో పెట్టె పక్కనుంచి మెడ చాచి టీవీ చూసేవారు. ఫోన్ ఛార్జర్ కోసం మూడు పెట్టెలు విప్పాక మా అమ్మాయికి విసుగొచ్చి, ఏది ఎవరిదో మార్కర్‌తో రాసింది. నాన్నవి రెండు, నానమ్మది ఒకటి, తనవి నాలుగు. నావి పంతొమ్మిది.

"అమ్మా, నువ్వొక్కదానివీ వేరే ఫ్లాట్ చూసుకోవాల్సిందే" అంది.

పదకొండో రోజు సెలవు. అత్తగారు స్టూలు వేసుకుని కూర్చుంది. నేను నా పెట్టెలు విప్పడం మొదలుపెట్టాను. మూతలున్న ఖాళీ డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, బట్టల షాపుల సంచులు, స్కూల్లో పిల్లలు ఇచ్చిన గ్రీటింగ్ కార్డులు, మా అమ్మాయి ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా వేసుకున్న యూనిఫారాలు.

"ఈ డబ్బా ఎప్పుడు వాడినావు?"

"వాడలేదత్తా. పనికొస్తుందని ఉంచాను."

"ఎవులికి?"

నాకు కోపమొచ్చింది. వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను. కాసేపటికి ఆవిడే గుమ్మం దగ్గరికి వచ్చింది. అప్పుడు చెప్పాను, అంతకుముందు ఎవరికీ చెప్పనిది. చిన్నప్పుడు మేము ఏడుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. నా పుస్తకాలు పెట్టుకోవడానికి కూడా నాకంటూ చోటు ఉండేది కాదు. క్వార్టర్‌లోకి వచ్చాక చోటు దొరికిందని నింపుతూ పోయాను.

అత్తగారు నన్ను తన గదిలోకి తీసుకెళ్లి, గోడ అలమరలో తనకిచ్చిన రెండు అరల్లో పైదాన్ని ఖాళీ చేసింది.

"ఇది నీది. ఎవులూ సెయ్యి పెట్టరు. పట్టినన్ని పెట్టుకో."

సాయంత్రం దాకా ఏరుకున్నాను. కార్డుల కట్ట, ఒకటో తరగతి యూనిఫారం, మా అమ్మ కాఫీ ఫిల్టరు, ఇంకా కొన్ని. మిగతావి పంచేశాం. సబ్బవరం నుంచి వచ్చే మా స్కూలు టీచరు వాళ్లమ్మ పచ్చళ్లు పెడుతుందని డబ్బాలన్నీ పట్టుకెళ్లింది. మూతలు కూడా.

హాలు కనిపించాక మిగిలింది బాత్రూమ్ గొడవ. నేనూ అమ్మాయీ ఒకే సమయానికి బయల్దేరాలి. "నాకేటి డ్యూటీ, నాను ఆకర్న ఎల్తాను" అని మా ఆయన తప్పుకున్నారు. ఆ ఖాళీలో వంటింట్లోకి చేరారు. లోపల ఒక్కరే పడతారు కాబట్టి అత్తగారు గుమ్మంలో స్టూలు వేసుకుని ఆజ్ఞలు జారీ చేస్తుంది.

"టన్నులకి టన్నులు ఇనుము ఎత్తినోడివి, ఒక వంజరం ముక్క తిప్పలేవేట్రా" అంటుంటే మెట్ల దాకా వినిపించి నవ్వుకుంటూ దిగేదాన్ని.

మొదటి నాలుగు రోజులు ముక్కలు చిదిరిపోయాయి. తర్వాత చేపల పులుసు కుదిరింది. కుదిరిందని ఆయన ప్లాంట్ స్నేహితులు ముగ్గుర్ని భోజనానికి పిలిచేశారు. వచ్చినాయన ఒకరు గుమ్మంలో ఆగి చుట్టూ చూశారు.

"కూసోడానికి సోటేది బావా?"

"మంచం మీద కూసో. అమ్మ గదే, పర్లేదు."

ఇద్దరు అత్తగారి గదిలో మంచం మీద, ఒకరు హాల్లో కిటికీ గట్టు మీద, మేము అక్కడే కింద కూర్చున్నాం. వంటింట్లోంచి మా ఆయన చెయ్యి చాపితే పళ్లెం హాల్లో ఉన్నవాళ్లకి అందింది. అన్నం రెండోసారి వండాల్సి వచ్చింది. సాయంత్రం టీ కూడా తాగి గానీ వాళ్లు కదల్లేదు.