పచ్చ కాగితం మీద తెరేసమ్మ చేతిరాత

పదమూడేళ్ల పాటు తెరేసమ్మ చేసిన పని కింద ఇంకొకరు సంతకం పెట్టారు.

పటమటలో పవర్ టూల్స్ అమ్మే షాపు ఒకటుంది. దాని పేరు రాయొద్దని ఆమే అడిగింది కాబట్టి రాయడం లేదు. 2012 నుంచి 2024 దాకా ఆ షాపు వెనక గదిలో, బాత్రూము పక్కన వేసిన బల్ల మీద, వైరు లేని డ్రిల్లుల బ్యాటరీలు బాగుచేసింది ఆవిడ. కస్టమరుకిచ్చే పసుపు స్లిప్పులో 'సర్వీసు చేసినవారు' అన్న చోట మాత్రం ఓనరు మేనల్లుడి సంతకం ఉండేది. హాజరు పట్టీలో ఆమె హోదా స్వీపరు. పూర్తిగా అబద్ధం కూడా కాదు. పొద్దున్నే షాపు ఊడ్చేదీ ఆవిడే.

"ఆడమనిషి కరెంటు పని చేసిందంటే ఎవడు నమ్ముతాడు తెరేసమ్మా" అని ఓనరు మొదటి వారమే అన్నాడట. ఆమె సరేనంది. ఎందుకు సరేనన్నావని అడిగితే, "గొడవ పెడితే బల్ల తీసేసుకుని చీపురొక్కటే ఉంచుతారు కదండీ" అంది. దీన్ని ఓర్పు అని మెచ్చుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అలా మెచ్చుకుంటూ పోబట్టే ఇలాంటి స్లిప్పులు ఊరంతా తిరుగుతున్నాయి.

ఏడో తరగతితో చదువాపేసిన మనిషికి ఈ పని ఎలా వచ్చింది? ఊడుస్తూ వచ్చింది. అంతకుముందున్న మెకానిక్కు బల్ల కింద పడేసే రేకు ముక్కలు ఏరుతూ, ఆయన చేతులు చూస్తూ నిలబడేది. ఆయన ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేశాడు. విప్పిన బ్యాటరీ ఒకటి బల్ల మీద అలాగే ఉండిపోయింది. రెండు రోజులు చూసి తెరేసమ్మ దాన్ని పూర్తిచేసి మూసింది. డ్రిల్లు తిరిగింది.

ఆ పని ఒక్కసారి పక్కన కూర్చుని చూడాలి. డ్రిల్లు బ్యాటరీ బయటికి ఒకే పెట్టెలా కనిపిస్తుంది గానీ, లోపల వేలెడు పొడవు సెల్సు అయిదో పదో వరసగా ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోయిందని మనం పారేసినప్పుడు, నిజంగా చచ్చింది చాలాసార్లు వాటిలో ఒకటే. అది వెనకబడటంతో మిగతావన్నీ ఆగిపోతాయి. ఆ ఒక్కదాన్ని పట్టుకోవడమే పని. తెరేసమ్మ పెట్టె విప్పగానే ముందు వాసన చూస్తుంది. నెయిల్ పాలిష్ లాంటి తియ్యటి వాసన వచ్చిందంటే ఏదో సెల్లు కారుతున్నట్టు. అలాంటిది నేరుగా పెరట్లో ఇసక బక్కెట్లోకి పోతుంది. తర్వాత చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగంతో ఒక్కో సెల్లునీ తాకుతుంది. "ఇదిగో, నాలుగోది" అంటుంది. ఆ తర్వాత మీటరు పెడితే నాలుగోదే. నా కళ్లముందు పదకొండుసార్లు పెట్టింది. పదకొండుసార్లూ మీటరు ఆమె మాటే చెప్పింది.

అంతటితో అయిపోదు. మిగిలిన సెల్సు నింపి వారం రోజులు ఊరికే పక్కన పెడుతుంది. ఆ వారంలో ఏది దానంతటదే దిగిపోతే అదీ అవుటే. మేస్త్రీలకు అంత ఓపికుండదు. మంచి బ్యాటరీ నుంచి వైరు లాగి చచ్చినదానికి తగిలించి లేపుతుంటారు.

"అలా లేపితే లేస్తుందండీ," అంటుంది తెరేసమ్మ. "ఇల్లు తగలబెట్టి మళ్లీ పడుకుంటుంది."

కొత్త సెల్లు వేసి, సన్నటి రేకుతో టక్కుటక్కున అతికి, చుట్టూ కరెంటు పారని పచ్చ కాగితం చుడుతుంది. మూత బిగించేముందు ఆ కాగితం మీద బాల్ పెన్నుతో రాస్తుంది. తేదీ, ఒక్కో సెల్లు మీటరులో ఎంత చూపించింది, ఏది బలం తగ్గి మెత్తబడింది, చివర 'తె'. పెన్సిలు వాడదు. పెన్సిలు ములుకులోంచి కరెంటు పారుతుంది. ఎవరికోసం రాసేదంటే ఎవరికోసమూ కాదు, బ్యాటరీ ఎప్పుడైనా తిరిగొస్తే తనకి గుర్తుండాలని. పైన మేనల్లుడి సంతకం, లోపల ఈ చేతిరాత. మధ్యలో నాలుగు స్క్రూలు.

2024 చివర్లో షాపు రిపేర్లు ఎత్తేసింది. బాగుచేసి ఇస్తే కొత్తవి ఎవరు కొంటారు? చచ్చినవి ఇప్పుడు ఏలూరు కాలవ గట్టు మీద చెత్తలో కనిపిస్తున్నాయి. తెరేసమ్మకు ఇక రావొద్దన్నారు. ఆమె ఇంటి వరండాలో బల్ల వేసుకుంది.

ఈ ఏడాది కొండపల్లిలో ఒక శిక్షణ కేంద్రం బ్యాటరీ రిపేరు నేర్పే మనిషి కావాలని ప్రకటన ఇచ్చింది. చదువుతో పనిలేదు, పదేళ్ల అనుభవానికి రుజువుండాలి. తెరేసమ్మ జీవితంలో మొదటిసారి ఒక ఉద్యోగానికి అర్జీ పెట్టింది. షాపు ఇచ్చిన లెటరులో 'పదమూడేళ్లు హౌస్ కీపింగ్' అని ఉంది.

కేంద్రం ఇన్‌ఛార్జి హేమ గారు లెటరు చదివి మొహమాటపడ్డారు. "ఇంత దూరం వచ్చారు, ఒకటి చేసి చూపించండి పోనీ" అని బీరువాలోంచి తమ కేంద్రం డ్రిల్లు తాలూకు పాత బ్యాటరీ తీసిచ్చారు. తెరేసమ్మ నాలుగు స్క్రూలు తీసి మూత ఎత్తింది. ఎత్తి అలాగే ఉండిపోయింది.

"ఏమైందండీ, రావట్లేదా?" అన్నారు హేమ గారు.

"ఇది నేను చేసిందేనండీ."

పచ్చ కాగితం మీద 2019 ఆగస్టు తేదీ ఉంది. అయిదు అంకెలు. కింద 'రెండోది మెత్తబడింది. ఈసారి వస్తే అదే. తె.' మీటరు తెప్పించి పెట్టారు. రెండోదే. హేమ గారు అర్జీ మీది సంతకాన్నీ కాగితం మీది అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీ తెరేసమ్మ వైపు జరిపి, "కూర్చోండి ముందు" అన్నారు.

నమ్మకం వేరు, ఫైలు వేరు. "మా కమిటీకి ఒక్క బ్యాటరీ చాలదండీ. ఏడాదికొకటి చొప్పున పదేళ్లవి చూపించగలిగితే నేను మాట్లాడతాను. ఈ నెలాఖరు దాకా ఫైలు ఆపుతాను" అన్నారామె.

ఈ సంగతి కొండపల్లిలో ఫాల్స్ సీలింగ్ పనులు చేసే లాజరు మేస్త్రి చెవిన పడింది. ఆయన ఆ షాపుకి పాత కస్టమరు. తెలిసిన పనివాళ్లందరికీ ఫోన్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక తెరేసమ్మ వరండాలో చెప్పులు పెట్టుకునే చోటు లేదు. సంచుల్లో, బక్కెట్లలో, హెల్మెట్లలో బ్యాటరీలు. చల్లపల్లిలో తలుపుల వర్క్‌షాపు నడిపే రామతులసి బస్సులో మూడు తెచ్చింది.

"మూడుసార్లు పారేద్దామని తీశానక్కా. ఇంత బరువుంది, ఎందుకైనా పనికొస్తుందిలే అని మళ్లీ అటక మీదే పడేశా," అంది.

వాటిలో ఒకటి 2012ది. తెరేసమ్మ ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాది. అక్షరాలు వణుకుతున్నాయి. అంకెలు లేవు, 'బాగుంది, బాగుంది, బాగాలేదు' అని ఉందంతే. తర్వాతి ఏళ్లవి ఒక్కొక్కటే విప్పి చాప మీద వరసగా పెడుతుంటే అక్షరాలు నిలదొక్కుకున్నాయి. అంకెలొచ్చాయి, అంకెల పక్కన చుక్కలొచ్చాయి. ఏ బడిలోనూ కూర్చోకుండా ఒక మనిషి ఒక విద్య నేర్చుకోవడం ఆ చాప మీద ఏడాది వెంట ఏడాదిగా కనిపించింది. వచ్చినవాళ్లంతా చాప చుట్టూ వంగారు. రామతులసి ఒక కాగితాన్ని వేలితో తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ గంభీరాన్ని చెడగొట్టింది లాజరు గారి బ్యాటరీ. 2016ది. ఆయనే గొంతెత్తి చదివాడు. "'మూడోది సొట్ట. కింద పడేశాడు. ఒప్పుకోలేదు. తె.'" కాగితం మీంచి తలెత్తాడు. "ఏంటమ్మా తెరేసమ్మా, ఇదా నా గురించి రాసింది?"

"పడేశారా లేదా లాజరు గారూ?"

"నిచ్చెన మీంచి. అయినా ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నావే."

"నా కడుపులో ఎక్కడండీ, మీ డ్రిల్లులోనే ఉంది."

సాయంత్రానికి లెక్క తేలింది. 2012, 15, 16, 18, 19, 21, 23, 24. ఎనిమిదేళ్లు దొరికాయి. ఇంకా రెండు కావాలి. "ఇవి చాలండీ నాకు," అంది తెరేసమ్మ కాగితాల వైపు చూస్తూ. చాలవు. ఆమెకి అవి చాలొచ్చు, పదమూడేళ్లు ఆ పసుపు స్లిప్పులు జేబులో పెట్టుకుని తిరిగిన మనకి చాలకూడదు.

కాబట్టి అడుగుతున్నాను. 2013, 2014, 2017, 2020, 2022. ఈ ఏళ్లలో మీరుగానీ, మీ ఇంటికి పనిచేసిన వడ్రంగిగానీ పటమటలో డ్రిల్లు బ్యాటరీ బాగుచేయించి ఉంటే, మీ అటకా, పనిముట్ల డబ్బా ఒకసారి వెతకండి. మీరు విప్పొద్దు. రాగి రేకులు బయటికి కనిపించేచోట టేపు అంటించి, నెలాఖరులోపు పటమట రైతుబజారు వెనక సందులో తెరేసమ్మ వరండాకి తీసుకురండి. ఉబ్బినా, తియ్యటి వాసన వస్తున్నా కదిలించకండి, కబురు పెడితే ఆవిడే వస్తుంది. ఇకనుంచి ఏది బాగుచేయించినా, చేసిన చెయ్యి ఎవరిదో అడిగి ఆ పేరే స్లిప్పులో రాయించుకోండి.

మూత తీశాక లోపల మీ గురించి ఏమైనా రాసి ఉంటే, లాజరు గారిలా ఒప్పేసుకోండి.