పెద్దాయన నుదుటి బొట్టు

మొన్న పెద్దల అమావాస్య పెత్రమాస నాడు, ఉదయం ఆరున్నరకు, శాలిబండ ఇంట్లో, ఈ యేడు పోయిన బాపు ఫొటోను గోడకు తగిలించాను. పక్కనే గడ్డం ఇంగ్లీషాయన కాగితపు బొమ్మ ఉంది. దాని నుదుట కుంకుమ మరక. విక్టోరియా రాణి కాలంలో పిల్లలకు పురుగులనూ మొక్కలనూ చూపి సైన్సు నేర్పిన ప్రకృతి శాస్త్రజ్ఞుడాయన. బడిలో సైన్సు చెప్పే బాపు ఆయనను ‘మా పెద్దాయన’ అనేవాడు.

అందుకే ఆరేళ్ల వయసులో ఆయనే మా తాత అనుకొని, ఒక పెత్రమాసకు తడి కుంకుమతో బొట్టు పెట్టాను.

“నీ తాత గింత తెల్లగుండెనారా?” అని నానమ్మ లొల్లి చేసింది.

“ఉండనియ్యవ్వా. నా కండ్లు తెరిపించినోడే గద,” అన్నాడు బాపు తన తల్లితో.

మొన్న పెద్దల పేర బియ్యం అందుకోవడానికి వచ్చిన అయ్యగారు పేర్లు అడిగారు. తాత, నానమ్మ, బాపు అని చెప్పి, పెద్దాయనకని ఇంకో దోసెడు పోశాను. ఏడుపు మాత్రం రాలేదు.

పోయినవాడు బాపు. ఉన్నవి రెండు బొమ్మలు, ఒక బొట్టు.