ఆటలాడని మోయిజ్ భాయ్

బోయిగూడలో గేమింగ్ దుకాణం పెట్టి మోయిజ్‌కి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో అతడు ఒక్క ఆటా ఆడలేదంటే ఎవరూ నమ్మరు. ఆడడానికి తీరికేదీ? తెల్లారకముందే మోండా మార్కెట్‌లో భార్య అన్న కొట్టు దగ్గర టమాటా ట్రేలు దించాలి. తొమ్మిదింటికి ఇంటికొచ్చి రెండు ముద్దలు మింగి, పదకొండింటికి ఇక్కడ షటర్ ఎత్తాలి. ఎనిమిది కంప్యూటర్ల ముందు ఎనిమిది మంది తుపాకులు పేలుస్తుంటే, గల్లాపెట్టె పక్కన కూలబడి కునికిపాట్లు పడుతుంటాడు. నడుంనొప్పి, కళ్లమంట, బావ సూటిపోటి మాటలు, ఇవీ అతడు సంపాదించుకున్న ఆస్తులు.

"భాయ్, గీ ఆటలాడితే పోరగాండ్లు కొట్టుకుంటరంట గదా?" అని అడగనివాడు లేడు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాడు. బ్యాంకులో పనిచేసే కిషన్ రోజూ సాయంత్రం వచ్చి గంటసేపు శత్రువులను కాల్చి, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా ఇంటికెళ్లిపోతాడు. పరీక్ష తప్పినవాడేమో ఉత్త కార్ల పందెం ఆడినా మౌస్‌ను బల్లకేసి బాదుతాడు. "కోపం ఇంటికాడికెళ్లే తెచ్చుకుంటరు, నేను అమ్ముతలేను," అనేవాడు. ఇప్పుడు ఆ మాట అనే ఓపికా లేదు. ఎవరైనా అడిగితే తల ఊపి ఊరుకుంటాడు.

ఆ దుకాణానికి ఒక్కటే కట్టుబాటు. మసీదులో అజాన్ పిలుపు మొదలవగానే ఆటల చప్పుడు ఆగిపోవాలి. ఏ మతం వాడైనా సరే, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, ఆ మూడు నాలుగు నిమిషాలు నోరు మూసుకోవాలి. ఇన్నేళ్లలో ఎవరూ కాదనలేదు.

మొన్న మంగళవారం పొద్దున మార్కెట్లో ఒక ట్రే జారి టమాటాలు నేలపాలయ్యాయి. బావ పదిమందిలో "గాడిదా" అని తిట్టాడు. ఎదురు చెబితే ఇంట్లో రచ్చ, అందుకని మోయిజ్ కిక్కురుమనలేదు. ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్ మొదలైంది. అందరూ హెడ్‌ఫోన్లు తీశారు, మూల సీట్లో అతీక్ తప్ప. పంతొమ్మిదేళ్లవాడు, డిగ్రీ రెండో ఏడు, పక్క గల్లీ జైతున్ బీ కొడుకు. ఆటలో మునిగిపోయి వాడికి అజాన్ వినబడనే లేదు. "ఏసెయ్! ఏసెయ్‌రా వాణ్ని!" అని గొంతు చించుకుంటున్నాడు. మోయిజ్ లేచి వెళ్లి వెనకనుంచి ఒక్కటి పీకాడు. పొద్దున్నుంచి దిగమింగుకున్నదంతా ఆ చేతిలోకి వచ్చింది. హెడ్‌ఫోన్ అంచు కోసుకుని వాడి చెవి వెనక నెత్తురు కారింది. అత్తమీద కోపం దుత్తమీద చూపడమంటే ఇదే. ఛీ, ఎంత సిగ్గుచేటు! అజాన్ ఇంకా పూర్తి కూడా కాలేదు.

అతీక్ ఇంట్లో నిజం చెప్పలేదు. అజాన్ వేళ అరిచానని తెలిస్తే అమ్మ రెండో చెవి కూడా వాయిస్తుందని వాడి భయం. ఆటలో లొల్లయింది, ఎవడో కొట్టాడు అని బొంకాడు. చూసినవాళ్లూ భాయ్ పేరు బయటపెట్టలేదు. ఇక ఆటలవల్లే కొట్లాటని గల్లీ అంతా గుప్పుమంది.

గురువారం మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు జైతున్ బీ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఈ ఆటలు పిల్లలను రాక్షసులుగా మారుస్తున్నాయి, దుకాణం మూయించండి అని రాసి ఉంది. కింద ఇరవై ఇద్దరు తల్లుల సంతకాలు. అందులో మొదటిది ఈ దుకాణం అద్దెకిచ్చిన ఇల్లుగలామెదే.

"రేపు జుమ్మా నమాజ్ అయినంక బస్తీ పెద్దలకు ఇస్తున్న. నీ నోటికాడి కూడు తీస్తున్నని నాకు ఎర్కనే, బేటా. గందుకే ముందుగాల నీకు చూపెడదామని వచ్చిన."

నోరు మూసుకుంటే దుకాణం పోతుంది, ఇక రోజంతా బావ కాళ్లదగ్గరే పడి ఉండాలి. నోరు తెరిస్తే పరువు పోతుంది. కానీ అబద్ధం నిలబెట్టడానికీ ఓపిక కావాలి కదా, అది ఎక్కణ్నుంచి తెచ్చేది?

"ఖాలా, అతీక్‌ను కొట్టింది నేనే," అన్నాడు మోయిజ్. అజాన్ సంగతి, దెబ్బ సంగతి అంతా చెప్పాడు.

జైతున్ బీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వాడు అజాన్ టైంల ఒర్లిండా? నాకు తెలిస్తే నేను సుత కొడుదును. గందుకే చెప్పలే పోరడు," అంది. తర్వాత మోయిజ్‌ను ఎగాదిగా చూసింది. "నువ్వేం ఆట ఆడ్తవ్?"

"ఏదీ ఆడ, ఖాలా. టైమేడిది?"

"మరి గంత కోపం ఏడికెళ్లొచ్చింది?"

మార్కెట్ గురించి, బావ గురించి చెప్పబోయి ఆగిపోయాడు. చెప్పినా అతీక్ చెవి మానదు.

ఆమె కాగితాన్ని నిలువునా చింపి బల్లమీద పెట్టింది. దుకాణం మిగిలింది. తొమ్మిదేళ్ల కష్టం మిగిలిందని సంతోషించాలి కదా, కానీ మోయిజ్ తలెత్తలేకపోయాడు.

జైతున్ బీ లేచి, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు, అదే అతడికి ఎక్కువ బాధనిపించింది.

"ఆటలైతే బంద్ చేపిస్తుంటి. నీతోని ఏం బంద్ చేపిస్తే బాగుపడ్తవ్, బేటా?"