రేడియో పనిచేస్తూనే ఉంది

ఆ సినిమా కోసం నేనూ నా స్నేహితురాలూ ఇంటర్ రోజుల నుంచి ఎదురుచూశాం. మొదటి భాగాన్ని తెలుగు డబ్బింగులో, ఒకే సెల్‌ఫోన్ మీద తలలు ఆనించి, ముక్కలు ముక్కలుగా చూశాం. మంచుతో నిండిన ఒక గ్రహం మీద ఒక స్టేషన్ ఉంటుంది. భూమి నుంచి మనుషులు వెతుక్కుంటూ వెళ్లేసరికి అందులో ఎవరూ ఉండరు. దాన్ని చూసుకోవాల్సిన ఇంజనీరు ఏమయ్యాడో, భూమి నుంచి వెళ్లిన పిలుపులకు ఎందుకు పలకలేదో చెప్పకుండానే సినిమా అయిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత, అంతకు ముందు ఏం జరిగిందో చెబుతామంటూ ప్రీక్వెల్ వచ్చింది. కామారెడ్డిలో మ్యాట్నీకి వెళ్లాం. రెండున్నర గంటలు చూపించి, చివరికి ఇంజనీరు సూటు తొడుక్కుని, తలుపు తీసుకుని, మంచులోకి నడిచిపోయాడు. థియేటర్లో లైట్లు వెలిగాయి. జవాబు మాత్రం రాలేదు.

ఆ రోజు మాతో మూడో మనిషి కూడా ఉన్నాడు. సదాశివనగర్ నుంచి వచ్చి బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకున్న అన్న. ఆ సినిమా అభిమానుల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టింది ఆయనే. మేమిద్దరం ఆయన్ని మొదట ఆ గ్రూపులోనే కొట్లాడి పరిచయం చేసుకున్నాం.

నా సంగతి కూడా చెప్పాలి. ఎల్లారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా ఫిజిక్స్ చెప్పేదాన్ని. గది కామారెడ్డిలో. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. వచ్చే ఏడాది మళ్లీ తీసుకుంటారో లేదో తెలియని ఎండాకాలం అది. ఒక పుస్తకం తెరిస్తే రెండు పేజీలు దాటేదాన్ని కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తోచేది కాదు. అలాంటప్పుడు ఆ సినిమాలోని చిక్కుముళ్లు నాకు మందులా పనిచేశాయి. నాది కాని విషయం గురించి ఎంతసేపైనా పరేషాన్ కావచ్చు కదా.

నా స్నేహితురాలిది ఎల్లారెడ్డే. అక్కడే ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఆమె కన్ను ఏ బొమ్మలోనైనా మూలకే పోతుంది. ట్రైలర్‌లో ఇంజనీరు వెనక గోడ మీద ఉన్న రేడియోను గమనించింది ఆమే. దాని మీద ఆకుపచ్చగా ఏదో మెరిసింది. రేడియో లైటు వెలుగుతున్నట్టా, హెల్మెట్ దీపం దాని మీద పడి మెరిసినట్టా అన్నది మా వాదన.

సినిమా అయ్యాక అన్న షాపు ముందు టీ తాగుతూ అదే మొదలుపెట్టాం. మొదటి సిగ్నల్ ఎవరు పంపారు, తలుపుకు లోపలివైపు గీతలెందుకున్నాయి, ఇలాంటి ప్రశ్నలు చాలానే ఉన్నాయి. అవన్నీ దాటి ఆమె మళ్లీ మళ్లీ రేడియో దగ్గరికే వచ్చింది. సినిమాలో ఆ చోటును మేం సరిగ్గా పట్టుకోలేకపోయాం.

"రేడియో ఖరాబైంది. పంపేటందుకు ఆయనకు దారి లేదు. గంతే," అంది.

"గట్లయితే బాగు చేసుకుంటడు గదా, ఇంజనీరే నాయె," అన్నాన్నేను.

అన్న నవ్వాడు. "రేడియో మంచిగనే ఉన్నది చెల్లె. ఆయనకు మాట్లాడబుద్ధి కాలె. ఇంటోళ్ల మీద మనసు విరిగింది. అంత దూరం పోయినోళ్లు గట్లనే అయితరు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. సగం టీ అలాగే ఉంది. "బస్సుకు టైమైంది," అని వెళ్లిపోయింది. ఆ బస్సు ఇంకా రానే లేదని నాకు తెలుసు.

అన్నకు ఏమీ తెలియదు. నాకు కొంత తెలుసు. ఆమె చిన్నప్పుడు వాళ్ల బాపు దుబాయి వెళ్లాడు. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. చనిపోయాడన్న కబురు రాలేదు, బతికున్నాడన్న కబురూ రాలేదు. డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి, హాస్టల్ మెట్ల మీద కూర్చుని, "ఆయన ఫోన్ పోయి ఉంటది. నంబర్లన్ని అండ్లనే ఉండె," అని చెప్పింది. నేను తలూపాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మూడు రోజులు ఆమె గ్రూపులో ఏమీ రాయలేదు. ఆ తర్వాత ఉదయాన్నే నాకు ఫోన్ చేసింది. "ఇంకోసారి చూద్దాం. అన్నను గూడ రమ్మను. లైటు సంగతి తేల్చుకుందాం."

రెండోసారి మేం సినిమా చూడలేదు. ఆ ఒక్క చోటు కోసం ఎదురుచూశాం, అంతే. నాకు కాళ్లు నిలవడం లేదు. ముందు సీటును తన్నుతున్నానని ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. ఇంజనీరు హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా తలకు పెట్టుకోలేదు, దాని దీపం వెలగలేదు. అతని భుజం వెనక రేడియో మీద ఆకుపచ్చ లైటు స్పష్టంగా, ఆగి ఆగి, వెలుగుతూ ఉంది.

"ఉన్నది," అంది ఆమె మెల్లగా.

గెలిచినందుకు అన్న సంతోషిస్తాడనుకున్నాను. ఆమె ముఖం చూసి ఊరుకున్నట్టున్నాడు.

కాలేజీలో వచ్చే ఏడాది సంగతి ఏమైనా తెలుస్తుందేమో కనుక్కోవాలని నేనూ ఆమెతో పాటే ఎల్లారెడ్డి బస్సెక్కాను. బస్సు నిండా జీరో టికెట్ మీద ఉచితంగా వెళ్లే ఆడవాళ్లు, సంచులు, పిల్లలు. లింగంపేట దాకా నిలబడే ఉన్నాం. ఆమె కడ్డీ పట్టుకుని బయటికే చూస్తూ ఉంది. సీటు దొరికాక కూడా మాట్లాడలేదు. నేనే ఏవేవో చెప్పుకుంటూ పోయాను. సిగ్నల్ అంత దూరం రావడానికి పట్టే కాలం, యాంటెన్నా దిశ, లైటు వెలిగినంత మాత్రాన పంపినది చేరుతుందన్న నమ్మకం లేకపోవడం. నా మాటలు నాకే చెవిలో రొదలా వినిపించి ఆపేశాను.

కాలేజీకి తాళం వేసి ఉంది. తిన్నగా వాళ్లింటికే వెళ్లాం. వాళ్లమ్మ వసారాలో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేనామెను చిన్నమ్మ అంటాను. మాకు నీళ్లిచ్చి మళ్లీ కూర్చుంది.

"ఏం సిన్మ బిడ్డా అది, రెండుసార్లు చూసేటంత?" అని నన్ను అడిగింది.

నా స్నేహితురాలే జవాబు చెప్పింది. "అండ్ల ఒకాయన దూరం పోయి ఉంటడవ్వా. ఈడికెల్లి ఎంత పిలిచినా పలుకడు. ఆయన తాన ఉన్న రేడియో మంచిగనే ఉన్నది. మరెందుకు పలుకలేదన్నదే మా లొల్లి."

"ఆయనే పలుకలేదని మీకెట్ల ఎరుక?" ఆకులో తంబాకు పోసి చుడుతూనే అడిగింది చిన్నమ్మ.

"ఇవుతల వినేటోళ్లు వింటనే ఉన్నరు గదా."

"ఉన్నరో లేదో."

నా స్నేహితురాలు నవ్వింది. తల్లికి కథ అర్థం కాలేదనుకుంది. మళ్లీ మొదటి నుంచి చెప్పబోయింది. చిన్నమ్మ చేతిలోని బీడీకి దారం చుట్టకుండానే చాటలో వదిలేసింది.

"మీ బాపు ఫోన్ చేసిండు. ఒక్కసారి గాదు. నేనే ఎత్తలె. తర్వాత నంబర్ గూడ మార్పిచ్చిన."

నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళితే బాగుండదు, ఉంటే అంతకంటే బాగుండదు.

"సిమ్ము పాడైందన్నవ్ గదా," అంది నా స్నేహితురాలు.

"గట్ల చెప్పిన."

"ఎందుకు?"

చిన్నమ్మ ఎడమ చెయ్యి చాపింది. మణికట్టు పైన ఎముక కొంచెం వంకరగా అతుక్కుని ఉంది. "గిదెట్ల ఇరిగిందని చెప్పిన నీకు?"

"బాయికాడ జారి పడ్డవ్."

"బాయికాడ ఏం పడలె." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు చిన్నగుంటివి, నీకు యాదికి లేదు. ఆయన దుబాయి పోయినంకనే నాకు నిద్ర పట్టుడు మొదలైంది. ఒకరోజు ఫోన్ల, ఇగ తిరిగొస్త అన్నడు. గప్పటిసంది ఎత్తుడు బంద్ చేసిన."

"నేను రోజూ ఫోన్ కాడ్నే కూసుంటుంటి. చూసినవ్ గదా అవ్వా."

"చూసిన," అంది చిన్నమ్మ.

నా స్నేహితురాలు లేచి చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. నేను వెనక పరిగెత్తాను. బస్టాండ్ దాకా వెనక్కి తిరగలేదు. కామారెడ్డి బస్సు వస్తే ఎక్కింది, నేనూ ఎక్కాను.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆమె నా గదిలోనే ఉంది. ఉన్న ఒక్క గదినీ ఇద్దరం అటూ ఇటూ తిరుగుతూ అరగదీశాం. స్టూడియో పని లాప్‌టాప్‌లో ముందేసుకునేది. పెళ్లికూతురు ముఖం మీద వెలుగు సరిచేస్తూ చేస్తూ మధ్యలో ఆపి, "గా చెయ్యితోనే నన్నెత్తుకున్నది గదే," అనేది. ఇంకాసేపటికి, "అయినా ఒక్కసారన్న నాతోని మాట్లాడనియ్యొద్దా?" అనేది. ఉదయం తల్లి మీద కోపం, మధ్యాహ్నం తండ్రి మీద. ఏ కోపమూ సాయంత్రం దాకా నిలిచేది కాదు. నేను ఏ పక్క మాట్లాడినా ఆమె రెండో పక్కకు వెళ్లేది. చివరికి మాట్లాడటం మానేసి బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేదాన్ని, రాళ్లు లేకపోయినా.

అన్న షాపుకు వెళ్లి, వివరాలేమీ చెప్పకుండా, గ్రూపులో రేడియో మాట కొన్నాళ్లు ఎత్తొద్దన్నాను. ఆయన ఏ ఫోనో విప్పుతూ, తల ఎత్తకుండా, "ఆ రోజే అనుకున్న చెల్లె, ఏదో ఉన్నదని. నేనే ఊకె మాట్లాడిన," అన్నాడు.

ఒక ఉదయం తలుపు తీసేసరికి మెట్ల మీద చిన్నమ్మ నిలబడి ఉంది. అడ్రసు అడుగుతూ అడుగుతూ వచ్చిందట. చేతిలో సంచి లేదు, ఏమీ లేదు. కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసింది.

"గాంధారిల ఉన్న ఆడిబిడ్డ తానికి పోయి తెచ్చిన. దుబాయికెల్లి ఎన్నడో వచ్చిండట. బిచ్కుంద అవుతల, మహారాష్ట్రల, చెక్కర ఫ్యాక్టరీల చేస్తున్నడట. ఏం అడుగుతవో అడుగు. నేను బయట కూసుంట."

తనే తలుపు దగ్గరకు వేసి మెట్ల మీద కూర్చుంది.

నా స్నేహితురాలు చీటీలోని నంబర్ కలిపి, ఫోన్ నేల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. కొంతసేపు మోగాక మగ గొంతు, "ఎవలు?" అంది.

"నేను, బాపూ."

అవతల ఎవరో మరాఠీలో గట్టిగా పిలుస్తున్నారు. తర్వాత ఆయన ఏడ్చాడు. అది నటన అని నేను అనుకోను. "ఎన్నిసార్లు చేసిన బిడ్డా. మీ అవ్వ ఎత్తలె. నా బిడ్డను నాకు కాకుండ చేసింది," అన్నాడు. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తలుపు అవతల ఉన్న మనిషిని తలుచుకుని నేను అటు తిరిగి చూశాను. ఇక ఈమె ఆయన వైపే వెళ్లిపోతుంది అనుకున్నాను.

ఆమె ముక్కు తుడుచుకుంది. "బాపూ, అవ్వ చెయ్యి ఎట్ల ఇరిగింది?"

"ఏంది?"

"అవ్వ ఎడమ చెయ్యి."

"బాయికాడ పడ్డది గదా," అన్నాడాయన, వెంటనే. "వానకాలం. నువ్వు చిన్నగుంటివి, నీకు యాదికి లేదు."

ఆమె ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన ఇంకేదో చెబుతున్నాడు, చదువు గురించో ఉద్యోగం గురించో. "సరే బాపూ, పెట్టేస్తున్న," అంది. కోపంగా అనలేదు.

తలుపు తీసింది. చిన్నమ్మ మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు. నా స్నేహితురాలు వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. మెట్లు ఇరుకు, ఇద్దరూ ఒకరినొకరు ఒత్తుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"పొద్దున ఏమన్న తిన్నవా అవ్వా?"

"ఎక్కడిది. మొదటి బస్సుకు వస్తి."

బస్టాండ్ ఎదురుగా హోటల్లో పూరీలు తిన్నాం. చిన్నమ్మ ఫోన్లో ఏం మాట్లాడారని అడగలేదు, కూతురు చెప్పలేదు. చిన్నమ్మ పూరీ ముక్కను కూరలో ముంచి అలాగే పట్టుకుని ఉంటే, "సల్లగైతది, తిను," అని కసిరింది కూతురు. వాళ్లిద్దరి మధ్యా ఇక మీద ఎలా ఉంటుందో నాకు ఆ కసురులో కొంత తెలిసింది, కొంత తెలియలేదు.

ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. చిన్నమ్మ ముందు ఎక్కి కిటికీ పక్కన చోటు పట్టుకుంది. మెట్టు మీద కాలు పెట్టబోతున్న నా స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, "మళ్ల మాట్లాడతవా ఆయనతోని?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"తెల్వదే. ఆయన చేసినప్పుడు చూస్త," అంది.

బస్సు వెళ్లిపోయాక గదికి వెళ్లబుద్ధి కాలేదు. ఎండ అప్పుడే మండుతోంది. స్టేషన్ రోడ్డు చివరిదాకా నడిచాను, వెనక్కి వచ్చాను, ఏ షాపు ముందూ ఆగకుండా మళ్లీ అటే నడిచాను.