పాత టీచరు, కొత్త టీచరు

ఎమ్మిగనూరులో చేనేత కుటుంబాలుండే వీధిలోని బడికి నేను బదిలీ మీద వచ్చిన ఏడాది, ఐదో తరగతికి వ్యాసం రాయడం నేర్పాను. అప్పటిదాకా పిల్లలు తోచిన వాక్యం తోచిన చోట పెట్టేవారు. ఆవు గురించి రాస్తూ మధ్యలో మామ పెళ్ళికి పోయి వచ్చేవారు. అందుకని పద్ధతులు చెప్పాను. జరిగింది వరుసగా రాయడం, కారణమూ ఫలితమూ రాయడం అయ్యాక, పోల్చి రాయడం దగ్గరికి వచ్చాం. ముందు పోలికలు, తర్వాత తేడాలు, చివర మీ అభిప్రాయం అన్నాను. బాగా తెలిసిన రెండింటిని తీసుకోమన్నాను.

చాలామంది ఆవునూ గేదెనూ తీసుకున్నారు. రెండో వరుసలో కూర్చునే అమ్మాయి పాత టీచరునూ నన్నూ తీసుకుంది.

"ఇద్దరూ ఆదోని నుంచి వస్తారు. ఇద్దరికీ కళ్ళద్దాలు ఉన్నాయి. పాత టీచర్ కొట్టేవారు, అయితే లెక్కలు అర్థమయ్యేవి. కొత్త టీచర్ కొట్టరు, అయితే లెక్కలు అర్థం కావు. బస్సు రాకుంటే పాత టీచర్ ఆటోలో వచ్చేవారు, కొత్త టీచర్ ఫోన్ చేస్తారు. నా అభిప్రాయం: ఇద్దరూ మంచివాళ్ళే, కానీ పాత టీచర్ రిటైరయినారు."

ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు చూశాను. పద్ధతి ఎక్కడా తప్పలేదు. "అయితే" రెండు చోట్లా సరిగ్గా పడింది. పదికి పది వేశాను. వేశాక కొంచెం బాధ కలిగింది.

మర్నాడు వాళ్ళమ్మ మగ్గం ఆపి బడికి వచ్చింది. టీచరు మీద రాశానని కూతురు ఇంట్లో చెప్పిందట.

"తప్పయిపోయింది టీచర్. ఏం రాసినాదో ఒకసారి సదవండి, ఈడనే బుద్ధి సెప్తా."

చదివాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. కూతురి వైపు చూసింది. నా వైపు చూసింది.

"దీంట్లో అబద్ధం ఏముంది టీచర్? అన్నీ నిజమే గదా."

అబద్ధమేమీ లేదన్నాను.

"అయితే ఆ లెక్కలే ఇంగోసారి సెప్పండి" అని మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భిన్నాలు మళ్ళీ మొదటినుంచి చెప్పాను. చెప్పి, ఆ అమ్మాయిని అడిగాను.

"సగం అర్థమయినాది టీచర్."

"ఏ సగం?"

"అదే తెల్దు టీచర్."

బోర్డు తుడిచి మూడోసారి మొదలుపెట్టాను.