ఏడుపుకు తెగిన కుట్టు

ఆడి నెల, రెండో శుక్రవారం, పొద్దెక్కి ఆరు గడియలకు నా పెదవి రెండోసారి చీలింది. మొదటి చీలికతోనే పుట్టాను. నాకప్పుడు ఏడేళ్లు.

అంతకు రెండు రోజుల ముందు కోయంబత్తూరులో కుంఫిణీ సర్జన్ ఆపరేషన్ చేశాడు. ఇలా చీలిన పెదవిని వాళ్లు హేర్‌లిప్ అంటారు. మత్తు లేదు. దుప్పట్లో చుట్టి ఇద్దరు పట్టుకున్నారు. చీలిక అంచులు కోసి, వెండి సూదులు గుచ్చి, వాటి చుట్టూ దారం బిగించాడు. అంగిట్లో ఉన్న చీలికను ముట్టలేదు.

"సూదులు తీసేదాకా వీడు ఏడవకూడదు, నవ్వకూడదు అంటాడు దొర," అని ద్విభాషి మా నాయనకు చెప్పాడు.

మర్నాడే పొల్లాచ్చి దగ్గరి మా ఊరి నుంచి కబురు, పెదనాయన పోయాడని. నాయన నన్ను బండెక్కించాడు. మాలో ఇంటి మగబిడ్డ గొంతెత్తి ఏడవకపోతే పోయినవాడికి మర్యాద తక్కువ. నేను బిగబట్టి నిలబడితే మేనత్త వీపు మీద చరిచింది.

"ఏమిరా, ఎత్తుకొని పెంచినోడు పోతే కంట తడి లేదే. రాతి గుండెరా నీది."

ఏడ్చాను. దారం తెగింది.

మానిన పెదవి ముక్కు వైపు లాక్కుపోయింది. మీసం వచ్చింది గాని గాటు మీద మొలవలేదు. ఇప్పుడు పళ్లు పోయాక పెదవి ఇంకా లోపలికి పోయింది. మాట మొదటినుంచీ ముక్కులోంచే. పిల్లనిచ్చిన మామ ఒకటే అడిగాడు.

"నీ మాట ఎద్దులకు తెలుస్తాదా?"

"తెలుస్తాది మామా."

"అయితే నా బిడ్డకూ తెలుస్తాది."

నా మనవడూ అదే పెదవితో పుట్టాడు. రెండేళ్లప్పుడు ఆ కోయంబత్తూరులోనే ఆపరేషన్. ఈసారి క్లోరోఫారం ఇచ్చారు, నిద్రపోయాడు. సూదులు ఇంకా తీయకముందే నా కోడలి తండ్రి పోయాడని కబురొచ్చింది.

"నేను పోకుంటే మా అన్నలు మళ్లీ గడప తొక్కనీరు మామా," అంది. బిడ్డ ఆమెను వదిలి ఒక్క గడియ ఉండడు.

"నా మొహం చూడమ్మా. తర్వాత నీ ఇష్టం," అన్నాను.

చాలాసేపు చూసింది. పోలేదు.

వాళ్ల అన్నలు ఇంకా పిలవలేదు. మనవడి పెదవి మీద సన్నని గీత ఉంది, వెతికితే కనబడుతుంది. మీసం వచ్చేనాటికి ఎలా ఉంటుందో నేను చూడను.

తల నెరిశాక అక్షరాలు నేర్చినవాణ్ణి, నాకు తెలిసినది ఒక్కటే రాస్తున్నాను. ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్లు సూదులు తీసేదాకా సర్జన్ దగ్గరే ఉండండి. ఎవరు పోయినా కదలకండి.

సూదులు తీసిన రోజు నా కొడుకు, భార్యకు బదులు తాను, మామగారి చావుకు పోయి ఉన్నాడు. అక్కడున్నది సర్జన్, ద్విభాషి, నేను, మనవడు, వాడు బెదరకుండా కొంగు నోట్లో కుక్కుకొని పోయిన తన తండ్రి కోసం ఏడుస్తున్న నా కోడలు.